ఇంట్లో కూర్చుని ఒపేరా చూడాలంటే: మంచి వీడియో ఎలా వెతికి పట్టుకోవాలి

ఒపేరా అంటే కథ ఎక్కువగా పాటల్లోనే, ఆర్కెస్ట్రా తోడుగా నడిచే పాశ్చాత్య నాటకం. వాటిలో బాగా పేరున్నది బిజే కూర్చిన కార్మెన్, ఆ పేరుతో ఏదైనా వీడియో సైట్లో వెతికి చూడండి. నాలుగైదు నిమిషాల పాట ముక్కలు కుప్పలుగా వస్తాయి, అందులో కార్మెన్ పాడే హబనేరా పాటనే ఎంతోమంది గాయనులు పాడినవి వరసగా వస్తాయి, పూర్తి ఒపేరా మాత్రం ఎక్కడో అడుగున ఉంటుంది, అది కూడా ఎవరు పాడారో, ఏ సంవత్సరానిదో రాయకుండా, సబ్‌టైటిల్స్ లేకుండా. దాన్నే పెట్టుకుని అరగంట చూసి, కథ అర్థం కాక, శబ్దం బాగోక, ఒపేరా మనవల్ల కాదులే అని వదిలేసినవాళ్లు చాలామంది. తప్పంతా ఆ వీడియోదే. మంచి గాయకులు, మంచి కెమెరా పని, చదవగలిగే సబ్‌టైటిల్స్ ఉన్న రికార్డింగ్ దొరికితే అదే కార్మెన్ మిమ్మల్ని కుర్చీలోంచి లేవనివ్వదు.

అందుకే ఒపేరా పేరొక్కటే పట్టుకుని వెతకొద్దు, ప్రొడక్షన్‌ని పట్టుకుని వెతకండి, అంటే ఆ ఒపేరాను ఒక దర్శకుడు ఒక థియేటర్లో వేసిన తీరును. ఏ థియేటర్, ఏ సంవత్సరం, దర్శకుడు ఎవరు, కండక్టర్ (ఆర్కెస్ట్రాను నడిపించే ఆయన) ఎవరు, ముఖ్య పాత్రలు పాడింది ఎవరు, ఇవి తెలిశాక వెతకడం చాలా తేలికైపోతుంది. ఆ దారి ఎలా ఉంటుందో ఒక్కొక్కటిగా చెప్తాను.

మొదట ఏ ఒపేరా?

ఇదే మొదటిసారి అయితే రెండు, రెండున్నర గంటల్లో అయిపోయేది, కథ గబగబా నడిచేది తీసుకోండి. పుచ్చిని లా బొహేమ్ (1896), టోస్కా (1900) రెండూ విరామాలు తీసేస్తే రెండు గంటలకు అటూ ఇటూగా ఉంటాయి. వెర్డి రిగొలెట్టో (1851), లా త్రావియాటా (1853) కూడా దాదాపు అంతే. ఇంకా చిన్నది కావాలంటే లియోంకవల్లో పల్యాచ్చి గంటంపావు, పుచ్చిని జాన్ని స్కీక్కి సుమారు గంట. నవ్వుకోవాలనుంటే రొస్సిని బార్బర్ ఆఫ్ సెవిల్ (1816), పిల్లలతో కలిసి చూడాలంటే మొజార్ట్ మ్యాజిక్ ఫ్లూట్ (1791). వాగ్నర్ రింగ్ నాలుగు ఒపేరాలు కలిపి సుమారు పదిహేను గంటలు, దాన్ని మొదటే మీద వేసుకోవద్దు, అలాగని భయపడి ఎప్పటికీ దూరంగా కూడా ఉండొద్దు.

ఏది ఎంచుకున్నా కథ ముందే చదివేయండి, చివరి దాకా చదివేయండి. టోస్కా చివర్లో ఏం జరుగుతుందో తెలిస్తే మజా పోతుందేమో అనుకోకండి. థియేటర్‌కి వచ్చి చూసేవాళ్లలో చాలామందికి అది ఎప్పుడో తెలుసు, ఆ క్షణాన్ని ఈ గాయని ఎలా పాడుతుందో చూడ్డానికే వస్తారు. కథ తెలిసి ఉంటే మీ కళ్లు సబ్‌టైటిల్స్‌కి అతుక్కుపోకుండా ముఖాల మీద నిలుస్తాయి.

స్టేజీ రికార్డింగ్ కావాలా, సినిమా కావాలా?

వెతకడం మొదలుపెట్టేలోపే ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ రెండూ దొరికే చోట్లు వేరు, చూసే అనుభవం కూడా వేరు.

స్టేజీ రికార్డింగ్ అంటే థియేటర్లో ప్రేక్షకుల ముందు జరిగిన ప్రదర్శనను అనేక కెమెరాలతో తీసింది. అందులో గాయకులు నిజంగా అప్పటికప్పుడు పాడుతుంటారు, చెమట కనిపిస్తుంది, ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది, కష్టమైన పాట అయిపోగానే హాలు దద్దరిల్లుతుంది. ఒపేరా సినిమాలో అయితే ముందు స్టూడియోలో పాడి రికార్డు చేసి, తర్వాత ఆ పాటకు పెదవులు కదుపుతూ సెట్లోనో బయటో నటిస్తారు. శబ్దం నున్నగా ఉంటుంది, దృశ్యం సినిమాలా ఉంటుంది, ఆ ప్రమాదపు థ్రిల్ మాత్రం తగ్గుతుంది. సినిమాలు చూసే అలవాటు ఉన్నవాళ్లకు మొదటి ఒపేరాగా సినిమాయే సులువు అని నా అభిప్రాయం. రెండోది మాత్రం తప్పకుండా స్టేజీదే చూడండి.

సినిమాల్లో గట్టివి కొన్ని చెప్తాను. ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1975లో స్వీడిష్ టీవీ కోసం మ్యాజిక్ ఫ్లూట్ తీశారు, స్వీడిష్ భాషలో. డ్రాట్నింగ్‌హోమ్ అనే 18వ శతాబ్దపు థియేటర్‌లో తీద్దామనుకుంటే ఆ పాత భవనం షూటింగ్ తాకిడికి తట్టుకోదని స్టూడియోలో దాని నమూనానే కట్టించారు. ఓవర్చర్ (ఒపేరా మొదట్లో పాట లేకుండా వాయించే సంగీతం) అంతా ప్రేక్షకుల ముఖాలే చూపిస్తారు, సంగీతం వినడమంటే ఏమిటో అంత బాగా చూపించిన దృశ్యం నాకు ఇంకొకటి తెలియదు. జోసెఫ్ లోజీ డాన్ జొవాన్ని (1979) ఇటలీలో విచెన్జా దగ్గర పల్లాడియో కట్టిన విల్లా రొటొండాలో తీసింది, రుజ్జెరో రైమొండి అందులో జొవాన్ని. ఫ్రాంచెస్కో రోజి కార్మెన్ (1984) స్పెయిన్ ఎండలో, దుమ్ములో తీసింది, జూలియా మిగెనెస్, ప్లాసిడో దొమింగో. ఆ ఎండ, ఆ రాళ్ల వీధులు స్టేజీ మీద రావు, కార్మెన్‌కి మొదటి మెట్టుగా నేను దీన్నే చెప్తాను. జాన్ పియెర్ పొనెల్ తీసిన మదామ బటర్‌ఫ్లై (1974) కరాయన్ సంగీత నిర్వహణలో మిరెల్లా ఫ్రేనీది, పొనెల్ తీసిందే మొజార్ట్ మ్యారేజ్ ఆఫ్ ఫిగారో (1976) కార్ల్ బోమ్‌తో. పొనెల్ ఒక చిత్రమైన పని చేస్తారు, పాత్ర మనసులో అనుకునే మాటలు వచ్చినప్పుడు పెదవులు కదలవు, గొంతు మాత్రం వినిపిస్తుంది. మొదట ఆడియో సమస్య అనుకుంటారేమో, కావాలనే చేసింది అది.

ఒక హెచ్చరిక. సినిమాగా తీసేటప్పుడు కత్తిరింపులు ఎక్కువ. ఫ్రాంకో జెఫిరెల్లి ఒటెల్లో (1986) కళ్లకు పండగే, కానీ అందులో కథానాయిక డెస్డిమోనా పాడే విల్లో సాంగ్ తీసేశారు. వెర్డి చివరి అంకాన్ని నిలబెట్టిన పాట అది. ఒటెల్లోని మొదటిసారి దానితో చూడొద్దు.

ఈ రెండు రకాలకూ మధ్యలో ఒకటుంది, 1992 టోస్కా. కథలో చెప్పిన రోమ్ స్థలాల్లోనే, కథలో చెప్పిన వేళల్లోనే, టీవీలో ప్రత్యక్ష ప్రసారంగా పాడారు. మొదటి అంకం సంత్ ఆంద్రెయా దెల్లా వల్లె చర్చిలో, రెండోది ఆ రాత్రి పలాజ్జో ఫార్నేజెలో, మూడోది తెల్లవారుజామున కాస్తెల్ సంతాంజెలో కోట మీద. జుబిన్ మెహతా ఆర్కెస్ట్రాతో వేరే చోట ఉన్నారు, గాయకులు దూరం నుంచి వచ్చే ఆ వాద్యాలను వింటూ పాడాలి. కేథరీన్ మల్ఫిటానో, దొమింగో, రుజ్జెరో రైమొండి. ఇది దొరికితే వదలొద్దు.

ప్రొడక్షన్‌ని ఎంచుకోవడం

అసలు విషయం ఇక్కడుంది. ఒకే సంగీతం, ఒకే మాటలు ఉన్నా రెండు ప్రొడక్షన్లు రెండు వేరే నాటకాల్లా ఉంటాయి. లా త్రావియాటానే తీసుకోండి. జెఫిరెల్లి 1980ల మొదట్లో తెరెసా స్ట్రాటస్, దొమింగోలతో సినిమా తీశారు, షాండిలియర్లు, వెల్వెట్ పరదాలు, నిండుగా అతిథులు, పారిస్ వైభవమంతా తెరమీద పోశారు. 2005లో సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో విల్లీ డెకర్ అదే ఒపేరాను దాదాపు ఖాళీ స్టేజీ మీద చేశారు. వంపు తిరిగిన తెల్ల గోడ, ఒక పెద్ద గడియారం, ఎర్ర గౌనులో అన్నా నెట్రెబ్కో, చుట్టూ నల్ల సూట్ల గుంపు. డాక్టర్ పాత్ర మొదటి నుంచీ ఓ పక్కన మౌనంగా ఉంటుంది, జబ్బుతో ఉన్న కథానాయిక వియొలెట్టాకు మిగిలిన సమయం ఎంతో అతనికే తెలుసన్నట్టు. వైభవం చూడాలనుకునేవాళ్లకు మొదటిది, వియొలెట్టా బాధ గుండెకు తగలాలనుకునేవాళ్లకు రెండోది. నన్నడిగితే రెండోదే. కాలం గురించి వెర్డి రాసిన ఆ తొందర సంగీతంలో ఉంది, ఆ గడియారం దాన్ని కంటికి కనిపించేలా చేసింది.

మోడ్రన్ డ్రస్సుల్లో చేసిన ఒపేరా అంటే చాలామంది ముఖం చిట్లిస్తారు. అన్నీ బాగుంటాయని నేను అనను, కొన్నిట్లో దర్శకుడి ఆలోచనకూ సంగీతానికీ సంబంధమే ఉండదు. కానీ ముందే తలుపు మూసేయకండి. వాగ్నర్ ఒపేరాల ఉత్సవం జరిగే జర్మనీ ఊరు బైరాయిత్‌లో రింగ్ శతాబ్ది సందర్భంగా 1976లో పట్రీస్ షెరో దాన్ని పారిశ్రామిక యుగంలోకి తెచ్చి, రైన్ నది దగ్గర ఆనకట్ట పెడితే మొదటి ఏడాది హాల్లో గోలగోల చేశారు. అదే ప్రొడక్షన్ 1980లో చివరిసారి ముగిసినప్పుడు చప్పట్లు గంటకు పైగా ఆగలేదు. పియెర్ బులెజ్ కండక్టర్‌గా 1979, 1980ల్లో తీసిన ఆ వీడియో ఇప్పటికీ డీవీడీలో దొరుకుతుంది, రింగ్‌లోకి అడుగుపెట్టాలంటే అది మంచి గుమ్మం.

చూడబోయే ముందు దాని ట్రైలర్ చూడండి. చాలా థియేటర్లు ఒకటి రెండు నిమిషాల ట్రైలర్లు పెడతాయి. సెట్ ఎలా ఉంది, దుస్తులు ఏ కాలానివి, కెమెరా గాయకుల నోట్లోకి దూరుతోందా లేక స్టేజీ మొత్తాన్ని చూడనిస్తోందా అన్నది అంతలోనే తెలిసిపోతుంది.

గాయకుల విషయంలో పాత పేర్ల కోసం వెతికేవాళ్లకు ఒక మాట. మరియా కాలస్ పాడిన పూర్తి ఒపేరా వీడియో కోసం వెతికి అలసిపోకండి, అలాంటిది లేదు. ఉన్నవాటిలో గొప్పది 1964లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో తీతో గొబ్బితో పాడిన టోస్కా రెండో అంకం. ఆ ఒక్క అంకమే చాలామంది పూర్తి ఒపేరాల కంటే నిండుగా ఉంటుంది. పాతవాటిలో ఇంకో నిధి ఉంది, 1956 నుంచి ఇటాలియన్ గాయకులు జపాన్ వెళ్లి పాడినప్పుడు ఎన్‌హెచ్‌కే టీవీ తీసిన వీడియోలు. 1961 టోక్యోలో రెనాటా తెబాల్ది, మారియో దెల్ మొనాకో పాడిన ఆంద్రెయా షెనియే చూస్తే బొమ్మ పాతది అన్న సంగతి పది నిమిషాల్లో మర్చిపోతారు.

కండక్టర్‌ని బట్టి ఎంచుకోవడం కూడా మంచి పద్ధతే. కార్లోస్ క్లైబర్ పేరు ఎక్కడ కనిపించినా ఆగండి. ఆయన చేసినవే తక్కువ, వీడియోలో ఉన్నవి ఇంకా తక్కువ. 1978 వియన్నా కార్మెన్ (ఎలెనా ఒబ్రజ్‌త్సోవా, దొమింగో, దర్శకత్వం జెఫిరెల్లి), 1979 మ్యూనిక్ రోజెన్‌కవలియర్, మళ్లీ అదే ఒపేరా 1994లో వియన్నాలో. మూడూ చూడదగ్గవే.

ఇక వెతకండి

వెతికేటప్పుడు ఒపేరా పేరును మూలభాషలో, రోమన్ అక్షరాల్లో టైప్ చేయండి. మ్యాజిక్ ఫ్లూట్ అని కాకుండా 'డీ త్సౌబర్‌ఫ్లోటె' (Die Zauberflöte), మ్యారేజ్ ఆఫ్ ఫిగారో అని కాకుండా 'లె నోట్సె ది ఫిగారో' (Le nozze di Figaro), బార్బర్ ఆఫ్ సెవిల్‌కి 'ఇల్ బార్బియెరె ది సివిల్యా' (Il barbiere di Siviglia). యూరప్ థియేటర్లు, డిస్క్ కంపెనీలు వీటినే వాడతాయి కాబట్టి ఇంగ్లీష్ పేరుతో కనపడనివి వీటితో బయటపడతాయి. దాని పక్కన థియేటర్ ఉన్న ఊరు, సంవత్సరం, కండక్టర్ ఇంటిపేరు చేర్చండి. 'త్రావియాటా సాల్జ్‌బర్గ్ 2005' అని కొడితే నేరుగా అక్కడికే వెళ్తారు, 'త్రావియాటా ఫుల్' అని కొడితే ఎక్కడికి వెళ్తారో చెప్పలేం. వీడియో సైట్లో వెతుకుతుంటే ఫిల్టర్‌లో ఇరవై నిమిషాలకు పైబడినవి మాత్రమే చూపించమని పెట్టండి, పాట ముక్కల గోల చాలావరకు పోతుంది.

ఏ ప్రొడక్షన్లు వీడియోలో ఉన్నాయో అసలు తెలియకపోతే వికీపీడియాలో ఆ ఒపేరా పేరుతో ఉండే డిస్కోగ్రఫీ పేజీ తెరవండి. ప్రసిద్ధమైన ఒపేరాలకు అలాంటి జాబితాలు ఉన్నాయి, సంవత్సరం, గాయకులు, కండక్టర్, డిస్క్ లేబుల్ వరసగా ఉంటాయి, వాటిల్లో వీడియో అని గుర్తు ఉన్నవి ఏరుకోండి. రెండు మూడు పేర్లు రాసుకున్నాక అవి ఎక్కడ దొరుకుతాయో చూడటం తర్వాతి పని.

డబ్బు పెట్టకుండా దొరికేవి

మొదటి మజిలీ ఒపేరావిజన్. యూరోపియన్ యూనియన్ క్రియేటివ్ యూరప్ పథకం సహాయంతో 2017 నుంచి నడుస్తోంది. యూరప్ అంతటా ఉన్న ఒపేరా హౌస్‌లు తమ ప్రొడక్షన్లను ఇందులో పూర్తిగా, ఉచితంగా, సబ్‌టైటిల్స్‌తో పెడతాయి. యూట్యూబ్‌లో కూడా వాళ్ల చానెల్ ఉంది. పెద్ద పేర్ల కంటే మనం ఎప్పుడూ వినని థియేటర్లు ఇక్కడ ఎక్కువ కనిపిస్తాయి, నాకు అదే నచ్చుతుంది, ఎందుకంటే కొత్త గొంతులు దొరికేది అక్కడే. ఒక్కటే గుర్తుంచుకోవాలి, ఏదీ శాశ్వతంగా ఉండదు, కొన్ని నెలలయ్యాక తీసేస్తారు. ప్రతి వీడియో పేజీలో ఎప్పటిదాకా ఉంటుందో తేదీ రాసి ఉంటుంది, నచ్చింది కనిపిస్తే ఆ తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

రెండోది ఆర్టే కాన్సర్ట్, ఫ్రెంచ్, జర్మన్ దేశాలు కలిసి నడిపే ఆర్టే చానెల్‌ది. ఇక్కడ పెద్ద పెద్ద థియేటర్లు, ఉత్సవాలే వస్తాయి, అదీ ఉచితంగానే. కానీ హక్కుల సమస్య వల్ల కొన్ని వీడియోలు కొన్ని దేశాల్లో తెరుచుకోవు. 'మీ ప్రాంతంలో అందుబాటులో లేదు' అని వస్తే టెన్షన్ పడొద్దు, అదే ప్రొడక్షన్ ఆ థియేటర్ సొంత సైట్లోనో, తర్వాత డిస్క్‌గానో రావడం మామూలే, పేరు రాసుకుని పెట్టుకోండి.

ఎక్కువమంది పట్టించుకోని మూడో దారి లైబ్రరీ. మీకు యూనివర్సిటీ లైబ్రరీ కార్డో, డిజిటల్ సేవలున్న పబ్లిక్ లైబ్రరీ సభ్యత్వమో ఉంటే వాళ్ల సైట్లో నాక్సోస్ వీడియో లైబ్రరీ, మెడిచి టీవీ, కనోపీ పేర్లు ఉన్నాయేమో వెతకండి. ఉంటే మీ కార్డు నంబర్‌తో ఇంటి నుంచే లాగిన్ అవ్వొచ్చు. కనిపించకపోతే లైబ్రేరియన్‌ని నేరుగా అడగండి, చాలాసార్లు సభ్యత్వం ఉండి కూడా ఆ లింకు ఎక్కడో లోపల ఉంటుంది.

ఎవరో అనామకులు టీవీ నుంచి రికార్డు చేసి ఎక్కించిన వీడియోల సంగతి కూడా చెప్పాలి. వెర్డి, మొజార్ట్‌ల సంగీతం మీద కాపీరైట్ ఎప్పుడో పోయింది, కానీ ఆ ప్రదర్శన మీద, ఆ రికార్డింగ్ మీద హక్కులు గాయకులవి, ఆర్కెస్ట్రావి, థియేటర్‌వి. అది పక్కన పెట్టినా అవి చూడ్డానికి బాగుండవు, శబ్దం నలిగిపోయి ఉంటుంది, సగంలో మాయమైపోతాయి.

డబ్బు పెట్టి చూసేవి

అన్నిటికంటే పెద్ద భాండాగారం న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా వాళ్ల మెట్ ఒపేరా ఆన్ డిమాండ్. 1977లో పవరొట్టి, రెనాటా స్కొట్టోల లా బొహేమ్‌తో వాళ్ల 'లైవ్ ఫ్రమ్ ద మెట్' టీవీ ప్రసారాలు మొదలయ్యాయి, 2006 డిసెంబర్ 30న మ్యాజిక్ ఫ్లూట్‌తో సినిమా హాళ్లకు హెచ్‌డీ ప్రసారాలు మొదలయ్యాయి. ఆ హెచ్‌డీ ప్రసారాలు, పాత టీవీ ప్రసారాలు చాలావరకు ఒకచోట వెతుక్కోవచ్చు. అందులో రేడియో ప్రసారాల ఆడియోలు కూడా బోలెడున్నాయి కాబట్టి వెతికేటప్పుడు వీడియో అన్న ఫిల్టర్ పెట్టుకోండి, లేకపోతే గొప్ప తారాగణం కనిపించి నొక్కాక బొమ్మ రాదు. మొదలుపెట్టేవాళ్లకు ఒకే ఒక్క సబ్‌స్క్రిప్షన్ కొనాలంటే ఇదే కొనమంటాను. ప్రొడక్షన్లు ఎక్కువగా సంప్రదాయ పద్ధతిలో ఉంటాయి, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి, విరామంలో తెర వెనక ఇంటర్వ్యూలు కూడా కొన్నిట్లో వస్తాయి.

లండన్ రాయల్ ఒపేరా హౌస్‌కి సొంత స్ట్రీమింగ్ ఉంది, 2024లో ఆ సంస్థ పేరు రాయల్ బాలే అండ్ ఒపేరాగా మారింది కాబట్టి రెండు పేర్లతోనూ వెతకండి. గ్లైండ్‌బోర్న్ ఉత్సవానికి ఎంకోర్ అనే సేవ ఉంది, హాండెల్, మొజార్ట్ ఇష్టపడేవాళ్లకు అది చాలా విలువైంది. పారిస్ ఒపేరాకి పారిస్ ఒపేరా ప్లే, మిలాన్ లా స్కాలాకి లా స్కాలా టీవీ. ఒకే థియేటర్‌కి కట్టుబడకుండా అన్నీ కావాలంటే మెడిచి టీవీ, లేదా డాయిచ గ్రామోఫోన్ 2022లో మొదలుపెట్టిన స్టేజ్ ప్లస్. వీటిలో చాలావాటికి కొద్ది రోజుల ట్రయల్ కానీ, ఒక్క ఒపేరాను అద్దెకు తీసుకునే వీలు కానీ ఉండొచ్చు, డబ్బు కట్టే పేజీకి వెళ్లే ముందు ఆ రోజున్న షరతులు చదవండి. ఇంకో సంగతి, సబ్‌స్క్రిప్షన్ తీసుకోకుండానే కేటలాగ్ మొత్తం చూడనిస్తాయి చాలా సైట్లు. మీరు రాసుకున్న రెండు మూడు పేర్లు అందులో ఉన్నాయో లేదో చూసుకుని అప్పుడు కట్టండి.

డిస్కులు ఇంకా ఎందుకు?

ఎందుకంటే స్ట్రీమింగ్‌లో ఇవాళ ఉన్నది రేపు ఉండదు, పైగా శబ్దం విషయంలో బ్లూరే ముందు స్ట్రీమింగ్ చాలాసార్లు తేలిపోతుంది. మీకు బాగా నచ్చిన ఒపేరా అయితే డిస్క్ కొనుక్కోండి. ఓపస్ ఆర్టె, ఆర్ట్‌హౌస్ మ్యూజిక్, సి మేజర్, బెల్ ఎయిర్, డైనమిక్, డాయిచ గ్రామోఫోన్, డెక్కా, ఇవీ ముఖ్యమైన లేబుళ్లు. పాత టోక్యో రికార్డింగుల్లాంటివి వీఏఐ అనే లేబుల్ తెచ్చింది. కొన్ని ముద్రణ ఆగిపోయి సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతాయి, అప్పుడు కవర్ బొమ్మ చూసి కొనేయకండి, ఒకే గాయనివి ఒకే ఒపేరా రెండు మూడు రికార్డింగులు ఉంటాయి. సంవత్సరం, కండక్టర్ సరిపోల్చండి. డీవీడీ అయితే రీజియన్ సున్నా అని ఉందా చూడండి, ఒపేరా డీవీడీల్లో చాలావరకు అలాగే వస్తాయి, ఎక్కడి ప్లేయర్‌లోనైనా ఆడతాయి. బ్లూరేకి ఏ, బీ, సీ అని రీజియన్లు ఉంటాయి, అది మీ ప్లేయర్‌తో కలవాలి. 'హైలైట్స్' అని ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉంటే అది పూర్తి ఒపేరా కాదు.

నొక్కే ముందు చూసుకోవాల్సినవి

నిడివి చూడండి. మీరు చదివిన నిడివికీ వీడియో నిడివికీ అరగంట పైన తేడా ఉంటే ఏదో కోసేశారన్నమాట, లేదా వేరే వెర్షన్. నేను పైన చెప్పిన 2006 మెట్ మ్యాజిక్ ఫ్లూట్ ఇంగ్లీష్‌లో, పిల్లల కోసం కుదించింది. పిల్లలతో చూడ్డానికి చక్కగా ఉంటుంది, మొత్తం మొజార్ట్ కావాలంటే మాత్రం లండన్ 2003 తీసుకోండి, డేవిడ్ మక్‌వికర్ దర్శకత్వం, కోలిన్ డేవిస్ కండక్టర్, రాత్రి రాణి పాత్రలో డయానా డామ్రావ్. ఆమె రెండో పాట కోసమైనా చూడాలి.

వెర్షన్ల గొడవ కొన్ని ఒపేరాల్లో నిజంగా పెద్దది. వెర్డి డాన్ కార్లోస్ ఫ్రెంచ్‌లో ఐదు అంకాలు (1867), తర్వాత ఆయనే ఇటాలియన్‌లో నాలుగు అంకాలకు కుదించారు (1884), అంటే ఒక అంకం మొత్తం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఫాంతెన్‌బ్లో అడవిలో ప్రేమికులు మొదటిసారి కలిసేది ఆ పోయిన అంకంలోనే, అది ఉన్నదాన్నే చూడమంటాను. ముసోర్గ్‌స్కీ బొరీస్ గొదునోవ్‌కి 1869, 1872 వెర్షన్లు రెండున్నాయి. కార్మెన్‌లో పాటల మధ్య బిజే మామూలు సంభాషణలు పెట్టారు, ఆయన పోయాక గిరో అనే ఆయన వాటి స్థానంలో పాడే భాగాలు రాశారు, ఇప్పటికీ రెండు రకాలుగానూ వేస్తున్నారు.

సబ్‌టైటిల్స్ భాషల జాబితా చూడండి. తెలుగులో దొరకవు, ఇంగ్లీష్ దాదాపు ప్రతి అధికారిక విడుదలలో ఉంటుంది. ఇంగ్లీష్ కష్టంగా అనిపించేవాళ్లు కథ సారాంశాన్ని అంకాల వారీగా తెలుగులో ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. ఒపేరాలో ఒకే మాట పదిసార్లు తిప్పి పాడతారు కాబట్టి ప్రతి వాక్యం చదవాల్సిన అవసరం పడదు. డిస్కుల్లో సబ్‌టైటిల్స్ చాలాసార్లు ఆఫ్‌లో ఉంటాయి, మెనూలోకి వెళ్లి మీరే పెట్టుకోవాలి.

శబ్దం

బొమ్మ చిన్నదైనా ఫర్వాలేదు, శబ్దం దగ్గర రాజీ పడొద్దు. టీవీలోపలి పల్చటి స్పీకర్లలో ఆర్కెస్ట్రా అడుగు స్వరాలు వినపడవు, గొంతు ఒక్కటే గీ మని వస్తుంది, ఒపేరా అంటే అరుపులు అనే పేరు సగం ఈ స్పీకర్ల వల్లే వచ్చింది. మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే అవే పెట్టుకోండి, లేదా మామూలు స్టీరియో స్పీకర్లు రెండు కలపండి. టీవీ సెట్టింగుల్లో నైట్ మోడ్, ఆటో వాల్యూమ్ లాంటివి ఉంటే ఆపేయండి, అవి మెల్లగా పాడింది పెంచి గట్టిగా పాడింది తగ్గించి అన్నిటినీ ఒకే ఎత్తుకు తెస్తాయి, మొత్తం హాలుకు వినపడేలా గుసగుసగా పాడటమన్న విద్యే వినపడకుండా పోతుంది. డిస్క్‌లో స్టీరియో, సరౌండ్ రెండు ట్రాకులుంటే, రెండే స్పీకర్లున్నప్పుడు స్టీరియో ట్రాక్‌నే ఎంచుకోండి.

ఒక్కసారే మొత్తం చూడాలని లేదు. థియేటర్లోనే విరామాలుంటాయి. రోజుకో అంకం చూడండి, కానీ అంకం మధ్యలో ఆపకండి, ముఖ్యంగా పుచ్చినిలో, వాగ్నర్‌లో, ఎందుకంటే అక్కడ సంగీతం మొదటి నిమిషం నుంచి కట్టుకుంటూ వచ్చి చివర్లో తెగుతుంది. ఫోన్ వేరే గదిలో పెట్టండి.

లైవ్ ప్రసారాలు

కొంచెం అలవాటయ్యాక లైవ్ స్ట్రీమ్‌ల కోసం చూడండి. వియన్నా స్టాట్సొపర్, మ్యూనిక్ బవేరియన్ ఒపేరా లాంటివి సీజన్లో కొన్ని ప్రదర్శనలను నేరుగా ఇంటికి ప్రసారం చేస్తాయి. యూరప్‌లో ఒపేరా సీజన్ సాధారణంగా సెప్టెంబర్ నుంచి జూన్, జూలై దాకా, ఆ తర్వాత సాల్జ్‌బర్గ్, బైరాయిత్ లాంటి వేసవి ఉత్సవాలు. లా స్కాలా సీజన్ ఏటా డిసెంబర్ 7న మొదలవుతుంది, ఆ రాత్రి ప్రదర్శనను ఇటలీ రాయ్ టీవీ ప్రసారం చేస్తుంది. సైట్లలో రాసేది అక్కడి సమయం కాబట్టి మీ సమయానికి మార్చుకోండి, మార్చి చివర్లో, అక్టోబర్ చివర్లో యూరప్ గడియారాలు గంట మారుతాయని కూడా లెక్కలో పెట్టుకోండి. రాత్రి మేలుకోలేకపోతే రీప్లే ఉందా, ఎన్ని గంటల పాటు ఉందో చూడండి, కొన్ని ఒకటి రెండు రోజులకే తీసేస్తారు. లాగిన్ అవ్వాల్సిన సైటయితే అకౌంట్ ముందు రోజే తెరిచి, ఏదో ఒక పాత వీడియో ఆడించి చూసుకోండి, తెర లేచాక పాస్‌వర్డ్ కోసం ఈమెయిల్ ఎదురుచూస్తూ ఓవర్చర్ పోగొట్టుకోవడం కంటే అది నయం.